ఎర్రజెండా దగ్గర ఆగినవాళ్ళు, ఆగనివాళ్ళు

బడి పిల్లల కంటే కాలేజీ పిల్లలకు మెచ్యూరిటీ ఎక్కువని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదుట ఉన్నది ఎవరని కూడా చూడను. మొన్నొక పెళ్ళిలో భోజనాల దగ్గర మా ఆయన తరఫు పెద్దమనిషి ఒకాయన ఆ మాటే అన్నాడు. "ఎంతైనా డిగ్రీ పోరగాండ్లు గదమ్మా, బడి పోరగాండ్ల లెక్క ఉంటరా? తెలివి వస్తది" అన్నాడు. "ఏం తెలివి? ఏ గంగల కలిసింది ఆ తెలివి?" అని పళ్ళెం అక్కడే పెట్టేసి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇంటికి వచ్చేదాకా మా ఆయన తిడుతూనే ఉన్నాడు. తిట్టనీ. ఆ పళ్ళెంలో బగారన్నం నాకిష్టమే, దాన్ని వదిలి లేచానంటే ఎంత మండిందో అర్థం చేసుకోవాలి.

నాకు ఈ రెండు రకాల పిల్లలూ బాగా తెలుసు. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో చాలాకాలం తెలుగు చెప్పాను. ఆ తర్వాత డిగ్రీ కాలేజీకి మారాను. జీతం కొంచెం పెరిగింది, మర్యాద బాగా పెరిగింది. నిన్నటిదాకా "టీచరమ్మ" అన్న కూరగాయల అవ్వ కూడా "లెక్చరర్ మేడం" అనడం మొదలుపెట్టింది. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచాలి? ఇక పెద్దవాళ్ళకు చెప్తాను, చెప్పింది అర్థం చేసుకునేవాళ్ళకు చెప్తాను అనుకున్నాను.

బడిలో ఉన్నప్పుడు ఒకసారి పదో తరగతి గదిలో అలమారా అద్దం పగిలింది. "ఎవడ్రా పగలగొట్టింది?" అని అరిచాను. ఒకడు లేచి నిలబడ్డాడు. "నేనే కొట్టిన టీచర్." వాడి వెనక ఇంకొకడు లేచాడు. "బాల్ ఏసింది నేను టీచర్, నేను గట్టిగ ఎయ్యకుంటే పలుగకపోవు." మూడో వాడు మూలన కూర్చున్నవాడు, అసలు ఆటలోనే లేడు. వాడూ లేచి, "బాల్ నాది టీచర్" అన్నాడు. తిడదామని తెరిచిన నోటితో నవ్వేశాను. ముగ్గురినీ కలిపి గది ఊడ్పించాను.

కాలేజీకి వచ్చిన తొలి ఏడాదే క్లాసులో ప్రొజెక్టరు పాడైంది. ఎవడో దాని మీద నీళ్ళ సీసా ఒలకబోశాడు. ఎవరని అడిగాను. అరవై తలకాయలు ఒక్కసారిగా కిందికి వంగాయి. చేతుల్లో ఫోన్లు. నేను అడుగుతుండగానే వాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఎవరూ నోరు విప్పొద్దని తీర్మానం చేసేసుకున్నారు. ఒక్క నోరు పెగల్లేదు. స్టాఫ్ రూంలో చెప్తే తోటి లెక్చరర్ ముచ్చటపడిపోయాడు. "చూసిండ్రా మేడం, ఎంత యూనిటీ! మెచ్యూరిటీ అంటే గదే" అన్నాడు.

ఆ నెలలోనే గైర్హాజరు పిల్లల సంగతి మీటింగులో వచ్చింది. క్లాసుకు రానివాళ్ళ ఇంటికి మెసేజ్ పెడదామన్నాను. ప్రిన్సిపాల్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "మేడం, మీరింకా హైస్కూల్లోనే ఉన్నారు. వీళ్ళు మేజర్లు. ఓటేసేవాళ్ళు. తల్లిదండ్రులకు చెప్పి బెదిరిస్తే వాళ్ళ ఆత్మాభిమానం దెబ్బతింటుంది. వీళ్ళ నిర్ణయాలు వీళ్ళే తీసుకుంటారు, వాటి బాధ్యత కూడా వీళ్ళదే" అన్నారు. అందరూ తలలూపారు. ఆయన అన్న ఆఖరి ముక్క నాకు బాగా నచ్చింది. బాధ్యత కూడా వీళ్ళదే. ఆ మాట పట్టుకునే తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా క్వార్టర్ల నుంచి ఊళ్ళోకి పోవడానికి ఓపెన్‌కాస్టు గని పక్కనుంచి ఒక అడ్డదారి ఉంది. ఒక పక్క బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి గుట్టలు, ఇంకో పక్క తుమ్మచెట్లు. మధ్యాహ్నం బ్లాస్టింగు వేళకు సైరన్ మోగుతుంది. సైరన్ వినగానే మా కాలనీ ఆడవాళ్ళు తీగల మీద ఆరేసిన బట్టలు జల్ది జల్ది లోపలికి తెచ్చుకుంటారు, దుమ్ము పడుతుందని. అదే సమయానికి ఆ దారికి రెండు కొసల్లో ఇద్దరు మనుషులు ఎర్రజెండాలు పట్టుకుని నిలబడతారు. ఇక లారీ అయినా, జీపు అయినా, బర్ల మంద అయినా అక్కడే ఆగాలి. బ్లాస్టింగు అయ్యాక మళ్ళీ సైరన్ మోగితేనే దారి. బ్లాస్టింగులో లేచిన రాయి ఎంత దూరం వచ్చి పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ బొగ్గు ఊళ్ళలో పుట్టిన పిల్లలకు ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు, ఎర్రజెండా కనపడితే కాలు ఆగిపోతుంది.

మా వైపు కొసన జెండా పట్టుకునే మనిషిని అందరం కాకా అని పిలుస్తాం. ఆయన ఊరు, ఆయన చేను, రెండూ ఆ ఓపెన్‌కాస్టులోనే పోయాయి. వచ్చిన డబ్బులు పెద్ద కూతురి పురుళ్ళకూ భార్య మోకాళ్ళ ఆపరేషన్‌కూ పోయాయి. మిగిలింది కాంట్రాక్టరు కింద ఈ జెండా పని. చేతిలో జెండా, మెడలో విజిల్, అంతే. ఫోను ఉన్నా అందులో రోజూ చార్జింగు ఉండదు. ఆగిన జనంతో ఊరికే మాట్లాడుతూ ఉండేవాడు. "ఏం బిడ్డా, లెక్కల పరీచ్చ ఎట్ల రాసినవ్?" అని బడి పిల్లల్ని పలకరించేవాడు. నన్ను చూస్తే, "మేడం, జర నీ బండి చెట్టు నీడకు పెట్టుకో, సీటు కాలుతది" అనేవాడు.

మార్చి నెల. ఒంటిపూట బడులు. పదో తరగతి వాళ్ళకు మాత్రం స్పెషల్ క్లాసులు పెట్టి మధ్యాహ్నం వదిలేవారు. ఆ రోజు ముగ్గురు ఆడపిల్లలు సైకిళ్ళ మీద ఇంటికి వస్తూ జెండా దగ్గర ఆగారు. వాళ్ళలో ఒకమ్మాయి మా పక్క క్వార్టరు పిల్ల. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లోనే సగం పెరిగింది, నన్ను అత్తమ్మా అంటుంది. మొదటి సైరన్ మోగింది. కాక దారికి అడ్డంగా నిలబడి జెండా ఎత్తాడు.

వెనకనుంచి నాలుగు బండ్లు వచ్చాయి. ఒక బండి మీద ఒక్కడు, మిగతా వాటి మీద ఇద్దరిద్దరు. మా కాలేజీ డిగ్రీ ఫైనలియర్ వాళ్ళు. వాళ్ళకు ఒక వీడియో కావాలట. బ్లాస్టింగు దుమ్ము గుట్టలాగా వెనక లేస్తుంటే ముందు నాలుగు బండ్లు దూసుకొస్తున్నట్టు. నెల రోజులు ప్లాన్ చేసుకున్నారట. పరీక్షకు ఏనాడైనా నెల రోజులు ప్లాన్ చేశారా? అవతలి కొసన ఎనిమిదోవాడు ఫోను పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు.

రెండో బండి నడిపింది నా కొడుకు.

కాక రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. మొదటి బండి పక్కనుంచి తప్పించుకుని పోయింది. మావాడు ఆయన మీదికే పోనిచ్చి, ఆయన బెదిరి పక్కకు జరగగానే, "జరుగు ముసలోడా!" అని కేక వేసి దూసుకుపోయాడు. మిగతా రెండూ వాడి వెనకే. కాక విజిల్ ఊదుతూ, జెండా ఊపుతూ వాళ్ళ వెనక పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ ఎండలో, బండ్ల వెనక. ఎక్కడిదాకా పరుగెత్తుతాడు?

గుట్ట మీద ఉన్న సూపర్‌వైజరు దారిలో బండ్లు చూసి కేకలు పెట్టి బ్లాస్టింగు ఆపించాడు. జీపులో కిందికి వచ్చాడు. జెండా దగ్గర మనిషి లేడు, ముగ్గురు ఆడపిల్లలు మాత్రం ఉన్నారు. "ఏడీ వాడు?" అని అరిచాడు. "అటు పోయిండు సార్" అని మా పక్కింటి పిల్ల దారి చూపించింది. ఆ పక్కనే కొంచెం దూరంలో చాయ్ హోటలు ఉంది. కాక చాయ్ తాగడానికి పోయాడనుకుని, మిగతా మాట వినకుండానే ఆయన జీపెక్కాడు. అవతలి కొసన సెక్యూరిటీ వాళ్ళు బండ్లు ఆపి అడిగితే, ఎనిమిది మందీ ఒకే మాట చెప్పారు. జెండా లేదు, అక్కడ మనిషే లేడు, ఉంటే మేం ఆగకపోదుమా సార్. ఫోన్లో వీడియో అప్పటికే చెరిపేశారు. సాయంత్రానికల్లా కాక పని పోయింది.

ఇదంతా ఆ పిల్ల ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి చెప్పింది. గుమ్మంలోనే నిలబడింది. "అత్తమ్మా, నేను అటు పోయిండు అని చెప్పిన. బండ్ల ఎంబడి ఉరికిండు అని చెప్పేలోపే జీపు పోయింది. నా మాట మీదనే కాకను తీసేసిండ్రు" అని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, తల దించుకుని, "అన్న కూడా ఉండె" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల మావాడు అన్నం తింటున్నాడు. టమాట పప్పు, రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

"జెండా చూసినవారా?" అని అడిగాను.

"చూసినం" అన్నాడు, తలెత్తకుండా.

"కాక అడ్డం నిలబడ్డడా?"

"నిలబడ్డడు. అందరు పోతుంటే నేనొక్కన్నే ఆగుతనా అమ్మా?"

"మరి లేడని ఎందుకు చెప్పినవ్?"

అప్పుడు తలెత్తాడు. నన్ను చూసి, ఏదో చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "అమ్మా, ప్రాక్టికల్‌గ ఆలోచించు. ఉన్నడంటే మా ఎనిమిది మంది మీద కేసైతది. లేడంటే ఒక్కనికి పని పోతది, అది కూడా కాంట్రాక్టు పని. వేరే దగ్గర దొరుకుతది. ఏది మంచిది?"

ఇదీ లెక్క. ఎనిమిది పెద్దదా ఒకటి పెద్దదా. పదిహేనేళ్ళు బడికీ కాలేజీకీ పంపింది ఈ లెక్క నేర్చుకుని రమ్మనా? చేతిలో ఉన్న గరిటె గోడకేసి కొట్టాను. పప్పు గోడంతా చిమ్మింది. ఆ మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని నేనూ రుద్దలేదు.

మా ఆయన లోపలి నుంచి వచ్చాడు. ఆయన బొగ్గు బాయిలో పనిచేస్తాడు, భూమి లోపల. ఊపిరితిత్తులు, నడుము రెండూ దెబ్బతిన్నాయి. ఇక్కడ బాయి పని చేసే తండ్రి ఇక పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. మా దగ్గర ప్రతి ఇంట్లో అదే ఎదురుచూపు. మా కాలేజీలో సగం మంది మగపిల్లలు డిగ్రీ చదివేది ఆ నౌకరి వచ్చేదాకా పొద్దుపుచ్చడానికే. తండ్రి దగ్గు విని కొడుకు రోజులు లెక్కపెట్టుకునే ఊళ్ళు ఇవి. ఈ మాట అంటే అందరికీ కోపం వస్తుంది. రానీ.

"నువ్వు గమ్మునుండు" అన్నాడు మా ఆయన. "వచ్చే నెల బోర్డుకు పోతున్న. అన్‌ఫిట్ అయితే వానికి నౌకరి. గీ టైంల కేసు గీసు అయితే పోలీసు వెరిఫికేషన్ల ఆగిపోతది. ఇన్నేండ్లు బొగ్గు మింగింది ఎందుకు? వాని బతుకు బర్బాద్ చేస్తవా?"

"మరి ఆ ముసలాయన బతుకు?"

"ఆయనకు మనం ఏదన్న సాయం చేద్దాం. నలుగురం కలిసి ఇంత ఇద్దాం."

మిగతా ఏడు ఇళ్ళలోనూ అదే మాట నడిచిందని తర్వాత తెలిసింది. ఎనిమిది ఇళ్ళలో ఎనిమిది నౌకర్లు రాబోతున్నాయి, వాటి కోసం ఒక నౌకరి పోతే ఏమైందట. ఈ ఇళ్ళ మగవాళ్ళే, ఒక కార్మికుడికి అన్యాయం జరిగిందంటే షిఫ్టుకు షిఫ్టు ఆపి గేటు దగ్గర కూర్చున్నవాళ్ళు. ఇప్పుడు ఒక్కడి నోరూ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. నా కొడుకు కూడా ఉన్నాడని ముందే చెప్పాను. పిలిచి అడగండి, నిజం చెప్పించండి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పిల్లలు మేడం. తెలిసీ తెలియని వయసు. ఏదో ఉత్సాహంలో చేశారు. ఇప్పుడు కాలేజీ పేరు బయటికి లాగితే అడ్మిషన్ల మీద పడుతుంది."

"మేజర్లన్నారు కద సార్. బాధ్యత కూడా వీళ్ళదే అన్నారు."

"అది వేరే సందర్భం."

ఛీ! ఏం సందర్భం? క్లాసు ఎగ్గొట్టడానికి పెద్దవాళ్ళు, ఓటుకు పెద్దవాళ్ళు, బండి కొనివ్వమని తండ్రి గొంతు మీద కూర్చోవడానికి పెద్దవాళ్ళు. చేసిన పని ఒప్పుకోవాల్సి వచ్చేసరికి పాలు తాగే పిల్లలు. ఆ గదిలో ఇంకొక్క నిమిషం ఉంటే ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్ ఏమయ్యేదో నాకే తెలియదు. బయటికి వచ్చేశాను.

సాయంత్రం కాక ఇంటికి వెళ్ళాను. పోయిన ఊరి వాళ్ళకు ఇచ్చిన కాలనీలో చివరి ఇల్లు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. పరుగెత్తినప్పుడు పడ్డాడట, మోకాలు చెక్కుకుపోయి ఉంది. నా కొడుకు తరఫున ఏదో అనబోయాను, ఈలోపు ఆయనే మాట్లాడాడు.

"నేను జెండ పట్టుకొని ఆడనే నిలబడితె నా పని ఉండు మేడం. సూపర్‌వైజరు వచ్చే వరకు మనిషి ఆడ ఉన్నడు, జెండ ఉన్నది, అయిపోవు. నేనే ఉరికిన. పోరగాండ్లు లోపలికి పోయిండ్రు, గుట్ట మీదోళ్ళకు కనవడ్డరో లేదో, ఇప్పుడు పేలితే ఎట్ల అని ఉరికిన. జాగ ఇడిసిపెట్టిన అన్నరు. ఇడిసిపెట్టిన్నే. అబద్ధం కాదు."

ఆయన భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. ఎవరి తలల మీద రాళ్ళు పడతాయని ఆ మనిషి పరుగెత్తాడో వాళ్ళే ఆయన అక్కడ లేడని చెప్పారు. ఆ మాట చెప్పి ఇంటికి వచ్చి టమాట పప్పు రెండుసార్లు వేసుకున్నారు.

ఇంతమంది పెద్దవాళ్ళం ఇలా ఉంటే, ఆ ముగ్గురు పదో తరగతి పిల్లలు ఏం చేశారో చెప్తాను. ఎవరికీ చెప్పకుండా స్పెషల్ క్లాసు అయ్యాక సైకిళ్ళు తొక్కుకుంటూ ఓపెన్‌కాస్టు ఆఫీసు గేటు దగ్గరికి పోయారు. పెద్ద సార్‌కు ఒక మాట చెప్పాలన్నారు. గేటు దగ్గరి మనిషి నవ్వాడు. "పరీక్షలున్నయి గద, పోయి చదువుకోండ్రి, చిన్నపిల్లలు మీకెందుకు" అన్నాడు. మర్నాడు మళ్ళీ పోయారు. మళ్ళీ వెళ్ళగొట్టాడు. బళ్ళో హెడ్మిస్ట్రెస్‌కు తెలిసి గట్టిగా తిట్టింది. ఇళ్ళలో కూడా తిట్లు పడ్డాయి. మా పక్కింటి పిల్లను వాళ్ళమ్మ కొట్టింది కూడా. గోడ అవతలి నుంచి నాకు వినపడింది. "మీ నాయిన డ్యూటీ చేసేది గాడనే, నీకేం అక్కర?" అని. ఆ పిల్ల ఏడుస్తూనే, "నా మాట మీద తీసేసిండ్రమ్మా" అనడం కూడా వినపడింది.

మూడోసారి పోయినప్పుడు గేట్లోంచి ఒక ఆఫీసరు కారు బయటికి వస్తోంది. ముగ్గురూ సైకిళ్ళు దాని ముందు పెట్టేశారు. ఆయన అద్దం దించక తప్పలేదు.

వారం తిరక్కుండా విచారణ అన్నారు. ఎనిమిది మంది అబ్బాయిల్నీ తల్లిదండ్రులతో రమ్మన్నారు. కాకనూ పిలిచారు. చిన్న హాలు. అబ్బాయిలు తెల్ల చొక్కాలు టక్ చేసుకుని వచ్చారు, తల దువ్వుకుని, ఇంటర్వ్యూకు వచ్చినట్టు. అడిగినదానికి చక్కగా, గౌరవంగా, ఒకే రకంగా జవాబు చెప్పారు. "లేదు సార్. చూడలేదు సార్. ఉంటే తప్పకుండా ఆగేవాళ్ళం సార్." ఆ ముగ్గురు పిల్లలు యూనిఫాంలో, చెప్పుల నిండా దుమ్ముతో నిలబడ్డారు. ఒకరి మాట ఒకరు తోసుకుంటూ చెప్పారు. మధ్యలో ఒకమ్మాయికి భయంతో వెక్కిళ్ళు వచ్చాయి.

ఆఫీసరు మంచివాడే. ఓపిగ్గా విన్నాడు. విని, "చూడండమ్మా, మీరు చిన్నపిల్లలు. దూరం నుంచి ఏం చూశారో ఏమో. వీళ్ళు చదువుకున్న కుర్రవాళ్ళు, ఎనిమిది మంది ఒకే మాట చెప్తున్నారు" అన్నాడు.

వెక్కిళ్ళు పెడుతున్న పిల్లే మాట్లాడింది. "మేం ముగ్గురం కూడ ఒకటే మాట చెప్తున్నం గద సార్."

హాల్లో ఎవరో నవ్వారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కొంచెం ఆలోచించి అబ్బాయిల వైపు తిరిగి, ఇంకొక్కసారి విడివిడిగా చెప్పమన్నాడు. మావాడి వంతు వచ్చింది. వాడు మొదట నా వైపు చూశాడు. తర్వాత వాళ్ళ నాన్న వైపు చూశాడు. "జెండా లేదు సార్" అన్నాడు.

నేను లేచాను. మా ఆయన నా కొంగు పట్టి లాగాడు. విడిపించుకున్నాను. "నేను వీడి తల్లిని. అదే కాలేజీలో పాఠం చెప్తాను. జెండా చూశామని, కాక అడ్డం నిలబడ్డాడని వీడు నాతో మా వంటింట్లో చెప్పాడు. ఇప్పుడు చెప్పింది అబద్ధం" అన్నాను. నా కడుపున పుట్టినవాడు, తల దువ్వుకుని టక్ చేసుకుని, మోకాలికి కట్టుతో నిలబడ్డ ముసలాయన ఎదురుగా, కళ్ళార్పకుండా అబద్ధమాడాడు. ఆ కోపం ఈ రోజుకీ తగ్గలేదు, తగ్గుతుందని ఆశ కూడా లేదు. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కాకకు పని తిరిగి ఇచ్చారు. పని లేని రోజుల కూలి ఇవ్వలేదు, అది కాంట్రాక్టరు ఇష్టమట. అబ్బాయిల మీద కేసు పెట్టలేదు. భవిష్యత్తు ఉన్న పిల్లలని అందరూ కలిసి బతిమాలారు. కాక కూడా, "వద్దు సార్, పోనీయుండ్రి" అన్నాడు. కాలేజీలో ఒక కౌన్సెలింగ్ క్లాసు పెట్టి, ఫోటో తీసి గ్రూపులో వేశారు. ఆ ఫోటోలో ఎనిమిది మందీ చేతులు కట్టుకుని నవ్వుతున్నారు.

ఆ నవ్విన మొహాలే ఆ తర్వాత ఆడపిల్లల సైకిళ్ళ పక్కన బండ్లు నెమ్మదిగా నడుపుతూ, యాక్సిలరేటర్ తిప్పుతూ, "సాక్షులు పోతున్నరు, జరుగుండ్రి" అని కేకలు వేయడం మొదలుపెట్టాయి. పదో తరగతి పరీక్షలకు పోయే పిల్లల వెనక. ఒకరోజు నా స్కూటీ అడ్డం పెట్టి ఒకడి బండి తాళం పీకి తుమ్మచెట్లలోకి విసిరేశాను. వెతుక్కో పో అన్నాను. వాడు నన్ను, "మేడం, మీరు గింత ఇమ్మెచ్యూర్‌గ బిహేవ్ చేస్తరనుకోలే" అన్నాడు. ఔనురా, నేను అలాంటిదాన్నే.

మావాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఆ ఎనిమిది మంది గ్రూపులోంచి వాడిని తీసేశారు. అది నా వల్లేనని వాడి కోపం. కాక దగ్గరికి వెళ్ళమని ఎన్నిసార్లు చెప్పానో, వెళ్ళలేదు. కాలేజీ నుంచి రావడం, గదిలోకి పోయి తలుపు వేసుకోవడం.

ఎండాకాలంలో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా పక్కింటి పిల్ల మంచి మార్కులతో పాసై, మిఠాయి పట్టుకుని వచ్చింది. మా ఇద్దరి మధ్యా టీపాయ్ మీద పేడాల డబ్బా. ఇంటర్ ఎక్కడ చదవాలని అడిగింది. నాకు తెలిసిన కాలేజీల పేర్లు చెప్తున్నాను. వింటూ వింటూ ఆగి అడిగింది.

"అత్తమ్మా, అన్న టెన్తుల ఉన్నప్పుడు మంచిగనే ఉండె గద?"

"ఊ."

"నాకు సైకిల్ నేర్పిస్తుంటె కిందపడి నా పన్ను ఊడింది, యాదుందా? అన్ననే మా అమ్మ దగ్గరికి వచ్చి, నేనే ఇడిసిపెట్టిన పెద్దమ్మా, నన్ను కొట్టు అన్నడు. మా అమ్మ కొట్టింది కూడ." కొంచెంసేపు డబ్బా మూత మీద గోరుతో గీసింది. "మరి కాలేజీకి పోయినంక ఏమైంది? మేం కూడ గిట్లనే అయితమా?"

లోపలి గదిలో మావాడు ఫోనులో ఏదో వీడియో చూస్తున్నాడు. దాని పాట అప్పటిదాకా వినపడుతూనే ఉంది. అది ఆగిపోయింది.

ఆ పిల్ల అడిగింది నన్నే అయినా, చెప్పాల్సినవాడు లోపల ఉన్నాడు. నేను మూసి ఉన్న ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల కూడా అటే చూసింది.

తలుపు తెరుచుకోలేదు.